పికొలో కాగితం

పికొలోకి కాగితం లేదన్న గొడవ మా ఇంట్లో మూడో పూటకి చేరింది.

"నిరుడు నాలుగు పాటలుంటే నాలుగింట్లోనూ ఉంది. ఈసారి ఐదు పాటలు. ఒక్కదాంట్లోనూ లేదు," అంది మా అమ్మాయి కంచం ముందు కూర్చుని, తినకుండా.

"ఫ్లూటుకి రాశానుగా. అది వాయించు," అన్నారు ఆయన.

"ఫ్లూటు వాయించడానికి ఇంకో ముగ్గురున్నారు. పికొలో నేనొక్కదాన్నే."

"అందుకే వద్దన్నాను. నువ్వొక్కదానివీ కీచుమంటుంటే మిగతా నలభై మంది పడే పాట్లు ఎవరికీ వినబడవు."

"నువ్వే అన్నావు నాన్నా నిరుడు. పైన ఆ గీత లేకపోతే పాట కప్పు లేని ఇల్లులా ఉంటుందని."

"నిరుటి మాట నిరుటిది."

"అంటే ఈ ఏడు కప్పు లేని ఇళ్ళు కడుతున్నావా?"

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు. పక్కనుంచి మా అత్తయ్య కలగజేసుకుంది. "ఊరుకోవే పిట్టా. అన్నం చల్లారిపోతోంది. వాడికి ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు..." అని ఆగిపోయింది. నీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకుంది.

మా అత్తయ్య సామెత మొదలుపెట్టి సగంలో వదిలేయడం పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నేను చూడలేదు. వంద సామెతలు వచ్చావిడకి. అవసరం ఉన్నా లేకపోయినా చివరిదాకా చెప్పేది. ఆ పూట ఆవిడ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. నాకప్పుడేమీ అర్థం కాలేదు.

మా అమ్మాయిని ఇంట్లో పిట్ట అంటాం. పికొలో అంటే ఫ్లూటుకి చిన్న చెల్లెలు, జానెడు కంటే కొంచెం పొడుగు. నలభై వాద్యాలు ఒక్కసారిగా మోగుతున్నా దాని గొంతు వాటి పైనుంచి సన్నగా, తీగలా వినిపిస్తుంది. పదేళ్ళప్పుడు అది పట్టుకున్నాక మా అమ్మాయికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు దానికి పదిహేను.

ఆయన పిట్ట చదివే పెద్ద బడిలోనే సంగీతం మాస్టారు. ఏటా చలికాలం సెలవులకి ముందు అక్కడి పిల్లల ఆర్కెస్ట్రా పాత పాటలు వాయిస్తుంది. ఒకప్పుడు సెలవుల రోజుల్లో జనం గుంపులుగా వీధి వీధీ తిరిగి పాడిన పాటలు. వాటికి పుస్తకం లేదు. మా అత్తయ్యకి వాళ్ళమ్మ పాడగా వచ్చినవి. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని పాడుతుంటే ఈయన పక్కన కూర్చుని గీతల కాగితం మీద పెన్సిల్‌తో ఎక్కించుకునేవారు. ఆ తర్వాత ఆయన అసలు పని మొదలయ్యేది. ఒక్క గొంతు పాటని నలభై మంది పిల్లలకి పంచిపెట్టడం. ఎవరికి ఎంత చేతనవునో ఆయనకి తెలుసు. వేళ్ళు ఆడని పిల్లకి పొడుగు స్వరం ఒకటిచ్చి కూర్చోబెడతారు, పొగరున్న పిల్లాడికి కష్టమైన ముక్క ఇచ్చి కొమ్ములు వంచుతారు.

అన్ని వాద్యాలూ ఒకదాని కింద ఒకటి ఉండే ఆ పెద్ద కాగితాన్ని స్కోరు అంటారు. అందులోంచి ఎవరి ముక్క వాళ్ళకి విడిగా సిరాతో దించి ఇవ్వడం నా పని. నాకు ఏ వాద్యమూ రాదు. కానీ పద్దెనిమిదేళ్ళు ఒకరి చేతిరాతని దించితే, ఆ మనిషి ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ హుషారుగా ఉన్నాడో చెయ్యికే తెలుస్తుంది.

ఆ ఏడు నా చెయ్యికి ఏదో తెలుస్తూనే ఉంది. నేనే పట్టించుకోలేదు.

*

తర్వాతి ఆదివారం పిట్టకి జ్వరం వచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని దాని చంకలో థర్మామీటరు పెట్టారు, బొత్తాం నొక్కితే కాసేపటికి దానంతట అది మోగే రకం. నేను గుమ్మంలో తడిబట్ట పట్టుకుని నిలబడ్డాను.

అది మోగింది. కీ, కీ, కీ అని నాలుగైదు సార్లు.

ఆయన దాని నుదుటి మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నారు. "బడికి వెళ్ళొద్దు రేపు," అన్నారు. "నీళ్ళు బాగా తాగు."

నేను ఎదురుచూశాను. ఆయనా ఎదురుచూస్తున్నారు, అది మోగడం కోసం.

"ఇంత సేపేంటి," అన్నారు కాసేపటికి. "బ్యాటరీ అయిపోయినట్టుంది."

పిట్ట నా వంక చూసింది. ఎర్రబడ్డ కళ్ళతో, జ్వరంతో, సూటిగా. తర్వాత థర్మామీటరు తనే తీసేసి ఆయన చేతికిచ్చింది. "చెయ్యి నొప్పి పుడుతోంది నాన్నా. చాల్లే, చూడు."

"నూటొకటి," అన్నారు ఆయన. "అయితే పనిచేస్తోంది."

నేను తడిబట్ట దాని నుదుటి మీద వేశాను.

ఆ రోజు నుంచి ఆయనని పరీక్ష చేయడం నాకు అలవాటైపోయింది. ఆయన వెనక నిలబడి మెల్లగా పిలిచేదాన్ని. పలికేవారు. ఊపిరి పీల్చుకునేదాన్ని. పొయ్యి మీద టీ కెటిల్ ఈల వేస్తుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవారు. నేనే వెళ్ళి దించేదాన్ని. తలుపు తడితే వినబడేది, బల్ల మీది గడియారం అలారం వినబడేది కాదు. లావు చప్పుళ్ళన్నీ ఉన్నాయి. సన్నవే ఒక్కొక్కటీ ఆయన దగ్గరికి రావడం మానేశాయి. ఎప్పటి నుంచి మానేశాయో నాకు తెలియదు, ఎక్కడిదాకా మానేస్తాయో అంతకన్నా తెలియదు.

*

పియానో బాగుచేసే ముసలాయన్ని ఆయనే పిలిపించారు. మా ముందుగదిలో గోడకి ఆనించి ఒక పాత పియానో ఉంది. పాటలు పంచేటప్పుడు ఆయన దాని మీదే చూసుకుంటారు.

"ఈ కుడి చివర ఏడెనిమిది మెట్లు పాడయ్యాయి," అన్నారు ముసలాయనతో. "వట్టి కర్ర చప్పుడు. స్వరమే లేదు. వినండి."

వరసగా నొక్కారు. వంటింట్లో ఉన్న నాకు గాజు గ్లాసు అంచు మీద గోటితో కొట్టినట్టు ఒక్కొక్క స్వరమూ స్పష్టంగా వినబడింది.

ముసలాయన ఆయన వంక చూశాడు, తల తిప్పి వంటింటి గుమ్మంలోకి వచ్చిన నా వంక చూశాడు. "చూస్తాను మాస్టారూ," అని పియానో పైమూత ఎత్తి లోపలికి వంగాడు. పావుగంట వంగే ఉన్నాడు. సంచిలోంచి ఒక్క పనిముట్టు కూడా తియ్యలేదు.

"ఇప్పుడు చూసుకోండి," అన్నాడు లేచి.

ఆయన చివరి మెట్టు నొక్కారు. తల పక్కకి వంచి విన్నారు. మళ్ళీ నొక్కారు.

"పర్లేదు," అన్నారు. "కొంచెం నయం."

నేను ముసలాయన్ని గుమ్మందాకా సాగనంపాను. చెప్పులేసుకుంటూ అన్నాడు, "యాభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నానమ్మా. ఈ మెట్లకి ఏం కాలేదు. వీటి కోసం నన్ను మళ్ళీ పిలిపించకండి."

"ఎవరికైనా చెప్తారా?" అని అడిగాను. అడిగాక తెలిసింది ఎంత మాట అడిగానో.

"నేను పియానోల సంగతే చెప్తాను," అన్నాడు.

మధ్యాహ్నం ఆయన బడికి వెళ్ళాక నిరుటి స్కోర్లూ ఈ ఏటి స్కోర్లూ నేల మీద పరిచి కూర్చున్నాను. ఇంత కాలం ఒక్కొక్క కాగితమే దించుకుంటూ పోయాను, పక్కపక్కన పెట్టి చూడలేదు. ఈ ఏడు పికొలో ఒక్కటే కాదు లేనిది. చిన్న కడ్డీతో కొట్టే ఇనప ముక్కోణం, ట్రయాంగిల్, లేదు. వరసగా వేలాడదీసిన చిన్న గంటలకి నిరుడు ఒక పాట మొత్తం ఉంది, ఈసారి ఒక్క స్వరం చుక్కా లేదు. వయొలిన్లు నిరుడు ఎక్కిన ఎత్తుకి ఈ ఏడు ఎక్కలేదు. పాటలన్నిటికీ పైభాగం ఎవరో కత్తిరించినట్టు, అన్నీ ఒకే చోట ఆగిపోయాయి. నీళ్ళలో మునిగిన గోడ మీద గుర్తులా, అంతకు పైన ఏమీ లేదు.

తనకి వినబడని చోట ఆయన రాయడం మానేశారు. మానేసినట్టు ఆయనకి తెలుసో లేదో. అన్నిటికంటే నన్ను భయపెట్టింది అదే.

నిరుడు డ్రాయింగు మాస్టారికి చూపు తగ్గిందని తేలిన వారంలోనే ఆయన్ని క్లాసుల్లోంచి తీసి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు, సుద్దముక్కలూ చార్టులూ ఇచ్చి పుచ్చుకునే పనికి. ఆ రోజు ఇంటికొచ్చి ఈయన అన్నారు, "మనిషిని బీరువాలో పెట్టి తాళం వేశారు." రెండు రోజులు సరిగా తినలేదు. అది డ్రాయింగు మాస్టారి కోసం. తన కోసమైతే ఏం చేస్తారో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆర్కెస్ట్రా ముందు నిలబడే మనిషికి చెవి వినబడదని తెలిస్తే ఆయనకి ఆ సామాన్ల గది కూడా దక్కదు.

కార్యక్రమానికి పదహారు రోజులే ఉన్నాయి. వయొలిన్ టీచరుంది, మంచి చెవి ఉన్న అమ్మాయి. ట్రయాంగిల్ ఏది, గంటలేవి అని ఆమె అడగకుండా ఉంటుందా? హెడ్మిస్ట్రెస్ నిరుటి పాటలు మర్చిపోయి ఉంటుందా?

అందుకని ఒక పని చేశాను. పద్దెనిమిదేళ్ళలో ఆయన రాయని చుక్క ఒక్కటి కూడా నేను పెట్టలేదు. ఆ మధ్యాహ్నం పెట్టాను. ఐదు పాటల్లో మూడోది దీపం పాట. దాని చివరి చరణంలో ఎనిమిది గడులు (సంగీతం కాగితం మీద నిలువు గీతలతో గడులు గడులుగా ఉంటుంది) పికొలోకి రాశాను. నిరుడూ అంతకు ముందూ ఆయన ఎలా చేశారో చూసి అలాగే పాటని పైకెత్తి, అక్కడక్కడ ఒక మెలిక వేశాను. పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్ళీ రాసి, సిరాతో దిద్దాను. స్కోరుని మాత్రం ముట్టుకోలేదు. స్కోరు ఆయనది.

పిట్ట బడి నుంచి రాగానే చేతికిచ్చాను. "నాన్న రాశారు. సర్దుకున్నారు. మళ్ళీ గొడవ పెట్టుకోకు."

కాగితం అటూ ఇటూ తిప్పింది. "నాన్నేనా?"

"మరెవరు రాస్తారు?"

"థాంక్స్ చెప్పనా?"

"వద్దు. రిహార్సల్లో వాయించు. అదే థాంక్స్."

దొంగబుద్ధిలోనూ ఒక ఆశ ఉంటుంది. ఆయన రిహార్సల్ మధ్యలో చెయ్యి దించేసి, ఎవరు రాశారిది అని అరిస్తే చాలు అనుకున్నాను. నలభై మంది ముందు నన్ను తిట్టినా సరే. అంతకన్నా మంచి వార్త నాకు ఉండబోదు.

*

గురువారం రిహార్సల్‌కి, లావు గొంతు పెద్ద వయొలిన్లయిన చెల్లోలకి దించిన కాగితాల్లో రెండు మార్చాలన్న వంకతో నేనూ వెళ్ళాను. బడి హాలులో కుర్చీలన్నీ అర్ధచంద్రాకారంలో వేసి ఉన్నాయి. గోడవార ఒక బల్ల మీద కూర్చున్నాను. ఆయన చిన్న పీట మీదకి ఎక్కారు. ఎడమ పక్క ముందు వరసలో వయొలిన్ టీచరు, మధ్యలో ఫ్లూట్ల పక్కన పిట్ట. ఒళ్ళో ఫ్లూటు, స్టాండు మీద పికొలో.

మొదటి రెండు పాటలు మామూలుగా జరిగాయి. ఆయన ఆపారు, వెక్కిరించారు, నవ్వించారు. "చెల్లోలూ, మీరు సామాను మోస్తున్నారా పాట వాయిస్తున్నారా?" అన్నారు. పిల్లలు నవ్వారు. లావు గొంతు వాద్యాల్లో ఒక చిన్న తప్పు దొర్లితే ఠక్కున ఆపి ఎవరిదో వేలితో చూపించారు. ఆ చెవికి ఏమవుతుంది అనిపించింది ఒక్క క్షణం. థర్మామీటరు బ్యాటరీ నిజంగానే పాడై ఉండొచ్చు కదా.

దీపం పాట మొదలైంది. చిన్నపిల్లలు నిద్రలో నడుస్తున్నట్టుండే పాట. చివరి చరణం వస్తుండగా పిట్ట ఫ్లూటు పక్కనపెట్టి పికొలో అందుకుంది.

మొదలుపెట్టింది. ఆ సన్నటి గొంతు మిగతా అన్నిటి నెత్తి మీదకి లేచింది. హాలు చివర కిటికీ తుడుస్తున్న ఆయా కూడా చెయ్యి ఆపి చూసింది. వయొలిన్ టీచరు వాయిస్తూనే తల తిప్పి పిట్ట వైపు చూసింది, తర్వాత ఆయన వైపు. రెండో గడి. మూడోది. నాలుగోది. నేను ఆయన వీపునే చూస్తున్నాను. ఆగండి, అంటున్నాను మనసులో. ఆగి తిట్టండి. ఆయన చెయ్యి అదే లయలో ఆడుతోంది. ఐదు, ఆరు. ఎడమచేత్తో స్కోరులో పేజీ తిప్పారు. ఏడు. ఎనిమిది.

పాట అయిపోయింది.

"బాగుంది," అన్నారు ఆయన. చూపుడువేలితో పెదవి తట్టుకుంటూ స్కోరు వంక చూశారు. "చివరి చరణంలో మాత్రం పైన ఏదో ఖాళీగా ఉంది. ఏదో కావాలక్కడ. ఆలోచిస్తాను."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. వయొలిన్ టీచరు తల దించుకుని విల్లు బిగించుకోసాగింది. పిట్ట పికొలోని రెండు చేతులతో ఒళ్ళో దాచుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు.

ఆ నిశ్శబ్దం చూసి ఆయన తలెత్తారు. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి, పిట్ట దగ్గర ఆగారు. దాని చేతుల్లో ఉన్నది చూశారు. పీట దిగి కుర్చీల మధ్యనుంచి నడిచి వెళ్ళి, దాని స్టాండు మీది కాగితం ముందు వంగి నిలబడ్డారు.

చదివారు. ఆయన చదివేటప్పుడు పెదవులు కదుపుతారు. ఎనిమిది గడులూ చదివేదాకా ఆ పెదవులు కదిలాయి.

"ఇంకోసారి," అన్నారు మామూలు గొంతుతో. "చివరి చరణం ఒక్కటే."

పీట ఎక్కారు. ఈసారి చెయ్యి ఆడిస్తూ స్కోరు చూడలేదు, వయొలిన్లని చూడలేదు. పిట్ట వేళ్ళనీ, ఉబ్బిన బుగ్గలనీ చూస్తూ ఉండిపోయారు. అయిపోయాక, "సరే. ఈ పూటకి చాలు," అని స్కోరు మూసేశారు.

*

పిట్ట స్నేహితురాళ్ళతో వెళ్ళిపోయింది. మేమిద్దరం నడిచి వస్తున్నాం. మందుల షాపు దాటాక వెనకనుంచి సైకిల్ బెల్లు మోగింది. ఆలోచించకుండానే ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. సైకిలు మా పక్కనుంచి పోయింది. ఆయన దాన్ని చూశారు, తర్వాత నా చేతిని చూశారు.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"నన్నిలా పట్టుకుని లాగడం."

"ఈ చలికాలం నుంచే," అన్నాను.

పది అడుగులు వేశాం.

"ఆ ఎనిమిది గడులూ నీవేనా?"

"నావే."

"నాలుగో గడిలో తప్పుంది. పైకి పోవాల్సిన చోట కిందికొచ్చావు." సంచి రెండో భుజానికి మార్చుకుని, "కాగితం మీద కనబడింది," అన్నారు.

ఇంటికొచ్చాక ఆయన ముందుగదిలో పియానో ముందు కూర్చున్నారు. మూత తీయలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలు అరిగిపోయాయి. అన్నం పెట్టనా, పెట్టు. తలుపు వేయనా, వెయ్యి. ఎవరం ఏ మాటన్నా ఆయన మా పెదవులు చూస్తున్నారని తెలిసి, నేనూ అత్తయ్యా ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేశాం. నవ్వడమూ మానేశాం.

శనివారం మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతూ అత్తయ్య తనంతట తనే మొదలుపెట్టింది.

"మీ మావయ్యకీ ఇంతే. యాభై నిండకముందే. ఒకరోజు పెరట్లో కూర్చుని, ఈ ఏడు కీచురాళ్ళు లేవేంటే అన్నారు. నా చెవులు హోరెత్తిపోతున్నాయమ్మా వాటి గోలకి. లేవండీ అన్నాను. లేవనే అన్నాను."

మావయ్యగారు నా పెళ్ళినాటికే లేరు.

"తర్వాత పిల్లల మాటలు పోయాయి. ఆ తర్వాత ఆడవాళ్ళవి. చివరికి ఎవరు నవ్వినా తనని చూసే నవ్వుతున్నారనేవారు. ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పనివ్వలేదు. పదేళ్ళు ఆ మనిషితో..." బట్ట మడత సరిచేసింది. "వీడు ఈసారి పాటలు రాసుకుంటూ, గట్టిగా పాడమ్మా అన్నప్పుడు అర్థమైంది. గట్టిగా కాదు వాడికి కావాల్సింది. అందుకే స్వరం కిందికి దించి పాడాను, అన్నీను. పిల్ల అడిగింది కూడా, నాయనమ్మా ఇంత కిందికి పాడతావేంటని. గొంతు ముసలిదైందే అన్నాను."

ఆవిడ కిందికి దించింది. నేను దొంగచాటుగా పైకెత్తాను. థర్మామీటరు తీసి ఆయన చేతిలో పెట్టినప్పుడే పిట్టకీ తెలుసు. ముగ్గురం మూడు గదుల్లో ఒకే దొంగతనం చేస్తూ, తేలు కుట్టినా నోరు మెదపకుండా తిరిగాం. మేము ఇలా కాపలా కాయబట్టే ఆయన నలభై మంది పిల్లల ముందు అలా నిలబడాల్సి వచ్చింది. ఆ సంగతి అత్తయ్యతో అనలేకపోయాను.

"ఇప్పుడేం చేస్తాడో," అంది ఆవిడ. "వాళ్ళ నాన్నలా అయిపోతాడేమోనని భయమేస్తోందమ్మాయ్."

ఆదివారం పొద్దున్న పియానో చప్పుడుకి ముందుగదిలోకి వచ్చాను. ఆయనేమో అనుకున్నాను. పిట్ట. చివరి మెట్టు ఒక్కటే నొక్కి, వేలు తీయకుండా, స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా వింటోంది. మళ్ళీ నొక్కింది.

"ఏం చేస్తున్నావే?"

"చూసుకుంటున్నా. రోజూ చూసుకుంటున్నా." నా వైపు తిరగలేదు. "నాయనమ్మ నీకు చెప్పేది విన్నానమ్మా. తాతకి, తర్వాత నాన్నకి. నాకూ వస్తుందా?"

రాదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ గడులు నాన్న రాశారని నేను దానికి అప్పటికే ఒక అబద్ధం చెప్పాను. దాని ఫలితం దాని మొహం మీదే చూశాను.

"నాకు తెలీదు," అన్నాను.

"నాన్నకి తెలుసా?"

"ఆయనకీ తెలీదు."

తల ఊపింది. ఏడుస్తుందేమోనని దగ్గరికి వెళ్ళాను. ఏడవలేదు. ఆ మెట్టు మీద దుమ్ము ఉన్నట్టు నా భుజానికి వేలు తుడిచి, స్నానానికి వెళ్ళిపోయింది. ఆ మెట్టు నేనూ నొక్కి చూశాను. నాకు వినబడింది. వినబడినందుకు సిగ్గేసింది.

*

మంగళవారం ఆయన బడి నుంచి గంట ఆలస్యంగా వచ్చారు. ఆ గంటలో నేను వీధి గుమ్మంలోకి ఎన్నిసార్లు వెళ్ళానో. సైకిళ్ళు గుర్తొచ్చాయి, లారీలు గుర్తొచ్చాయి. అత్తయ్య కూర్చోమ్మాయ్ అంటూనే తనూ నా వెనకే వచ్చి నిలబడింది. చివరికి మలుపు తిరిగి, సంచి భుజానికి తగిలించుకుని, రోడ్డుకి బాగా పక్కగా నడుస్తూ వచ్చారు. కాళ్ళు కడుక్కున్నారు. ఇంకా పొద్దుండగానే, అందరం భోజనం చేద్దాం రండి అన్నారు.

ఎప్పుడూ గోడ వైపు కూర్చునే మనిషి ఆ రోజు మా ముగ్గురి మొహాలూ కనిపించే చోట కుర్చీ వేసుకున్నారు. రెండు ముద్దలు తిన్నాక అన్నారు:

"హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడి వస్తున్నా. కార్యక్రమం రోజు ముందు నిలబడేది వయొలిన్ టీచరు. నేను పక్కన కూర్చుంటాను."

అత్తయ్య కంచం పక్కకి జరిపింది.

"ఏమని చెప్పావురా?" అంది అత్తయ్య.

"నాకు సన్న స్వరాలు వినబడటం లేదని చెప్పాను."

"ఏమంది?"

"ఈ కార్యక్రమం కానివ్వండి, సెలవులయ్యాక చూద్దాం అంది." నీళ్ళు తాగారు. "ఏం చూస్తారో నాకు తెలీదు. మీకూ తెలిసుండాలి కాబట్టి చెప్తున్నా."

నేను ఏదో అనబోయాను. ఆయన నా వైపు చూసి ఆగారు, నేను అనబోయేది చదవడానికి.

"ఎల్లుండి పదింటికి ఆస్పత్రికి రమ్మన్నారు, చెవుల డాక్టరు దగ్గరికి. వచ్చేదారిలో పేర్లు రాయించి వచ్చాను."

"పేర్లా?" అంది పిట్ట.

"నాదొకటి. నీదొకటి."

అత్తయ్య కుర్చీలో ముందుకి జరిగింది. "దానికెందుకురా. పసిదాన్ని. దాని మనసులో లేనిపోని..."

"ఉందమ్మా దాని మనసులో. రోజూ పొద్దున్న పియానో దగ్గర చూస్తూనే ఉన్నా." ఆయన గొంతు పెరగలేదు. "ఇది నాకూ రావచ్చని నాన్న నాకు చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. చెప్పుంటే ఏమయ్యేదో, ఏమీ అయ్యేది కాదేమో. కానీ నా అంతట నేను తెలుసుకునేవాణ్ణి. దానికి అంత మాత్రం ఇద్దాం."

పిట్ట ఆయనకి ఎదురుగా తిరిగింది. తర్వాత మాట్లాడింది, ఒక్కొక్క మాటా విడివిడిగా, పెదవులు బాగా కదిలేలా.

"ఎల్లుండి నాకు బడి ఉంది నాన్నా. సెలవు చీటీ కావాలి."

"రాసి ఇచ్చేశాను," అన్నారు ఆయన. "మనిద్దరికీ కలిపి ఒకటే. కారణం ఉన్నదే రాశాను."